మంచు దెబ్బ తిన్న వైపర్: ముందు చెవి పెట్టి వినండి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కారు నేర్చుకున్నవాళ్లకి వైపర్ అంటే వానాకాలపు సరుకు. తొలకరికి గుర్తొస్తుంది, దసరా వెళ్లేసరికి మర్చిపోతాం. అక్కడ దాన్ని తినేది ఎండ. నెలల తరబడి ఎండకి కాగి రబ్బరు బీటలు వారుతుంది, కొత్త జత వేయించుకుంటే గొడవ వదిలిపోతుంది. అందుకే మన బుర్రలో ఒక లెక్క స్థిరపడిపోయింది: వైపర్ పనిచేయట్లేదంటే బ్లేడ్ పోయినట్టేనని.

అమెరికాలోని డిట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, ఫార్మింగ్‌టన్ హిల్స్ లాంటి ఊళ్లలో ఉండే తెలుగువాళ్లకి ఈ లెక్క జనవరిలో తప్పుతుంది. నాకూ తప్పింది. వచ్చిన మొదటి చలికాలంలో ఓ రాత్రి వాన పడుతూ పడుతూనే గడ్డకట్టింది. పొద్దున్నే కారెక్కి తాళం తిప్పానో లేదో, అద్దం కింద ఎక్కడో టక్‌మంది. నా వైపు వైపర్ కదల్లేదు. పక్క సీటు వైపుది మాత్రం ఏమీ ఎరగనట్టు ఊగుతోంది. ఆ సాయంత్రం కొత్త బ్లేడ్లు కొని, పార్కింగ్‌లో వేళ్లు కొంకర్లు పోతుంటే బిగించాను. అయినా కదల్లేదు. కదలదు మరి, విరిగింది బ్లేడ్ కాదు.

ఇంతకీ ఆ అద్దం కింద ఏముంది? మీట నొక్కితే కరెంటు ఫ్యూజ్ మీదుగా మోటారుకి వెళ్తుంది. మోటారు గిర్రున తిరుగుతుంది. దాన్ని అంటిపెట్టుకున్న వర్మ్ గేరు ఆ వేగాన్ని బాగా తగ్గించి బలంగా మారుస్తుంది. గేరుకి తగిలించిన క్రాంకు అనే చిన్న చేయి గుండ్రంగా తిరుగుతుంటే, దాన్ని పట్టుకున్న కడ్డీలు ముందుకీ వెనక్కీ ఆడతాయి. తొక్కుడు కుట్టుమిషన్ చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. అక్కడ పాదం ముందుకీ వెనక్కీ ఊగితే చక్రం గుండ్రంగా తిరుగుతుంది, ఇక్కడ అదే తిరగేసి. కడ్డీల చివర్లలో గిన్నెలో బంతి ఇమిడినట్టుండే కీళ్లుంటాయి, గిన్నె సాధారణంగా ప్లాస్టిక్‌ది. అక్కడి నుంచి కదలిక ఇరుసుకి వెళ్తుంది. ఈ మొత్తంలో బయటికి కనిపించేది ఇరుసు తల ఒక్కటే, బోనెట్ వెనక అంచు దగ్గర. దాని చుట్టూ సన్నని పళ్లుంటాయి. వైపర్ ఆర్మ్‌ని ఆ పళ్ల మీద కూర్చోబెట్టి నట్ బిగిస్తారు. ఆర్మ్‌లో ఓ గట్టి స్ప్రింగు, చివర బ్లేడ్, బ్లేడ్ అంచున రబ్బరు.

మంచు కురిసిన పొద్దున ఈ గొలుసు రెండు చివర్లా ఇద్దరు మొండివాళ్లు పట్టుకుని ఉంటారు. ఒక చివర మోటారు నెడుతుంది. రెండో చివర బ్లేడ్‌ని మంచు పొడవునా అద్దానికి అతికించేసి వదలనంటుంది. ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు, పోయేది మధ్యలోని మెత్తటి వస్తువు. రబ్బరు చిరగొచ్చు. ఆర్మ్ లోపలి పళ్లు కొట్టుకుపోవచ్చు. కీలు ఊడొచ్చు, గేరు పళ్లు విరగొచ్చు, ఫ్యూజ్ కాలిపోవచ్చు. చాలా కార్లలో ఇరుసు ఉక్కుది, దాని మీద కూర్చునే ఆర్మ్ మొదలు దాని కంటే మెత్తని లోహంతో పోత పోసింది, కాబట్టి ఓడిపోయేది ఎక్కువగా ఆర్మే. నిజానికి అది మన అదృష్టం. ఆర్మ్ బయటికే ఉంటుంది, ఒక్క నట్‌తో ఊడొస్తుంది.

చిత్రమేమిటంటే అసలు వైపర్ పుట్టిందే చలికాలం కోసం. అమెరికాలోని అలబామాకి చెందిన మేరీ ఆండర్సన్ న్యూయార్క్ వెళ్లినప్పుడు, మంచు జల్లుకి దారి కనబడక ముందు అద్దాలు తెరుచుకుని, చలిలో బండి నడుపుతున్న ట్రాలీ డ్రైవర్‌ని చూసింది. ఆమె ఆలోచనకి 1903 నవంబర్ 10న పేటెంట్ వచ్చింది. చలికాలం పోయాక ఆ పరికరాన్ని ఊడదీసి లోపల పెట్టుకోవచ్చు కూడా. దాంట్లో మోటారు లేదు. లోపలున్న పిడిని చేత్తో తిప్పాలి. ఆ లోటే దాని బలమని నాకు అనిపిస్తుంది. బ్లేడ్ మంచుకి అంటుకుంటే తిప్పే చేతికి తెలుస్తుంది, మనిషి ఆగుతాడు. మోటారుకి ఆ స్పర్శ లేదు.

మన చేతిని దీన్నుంచి ఇంకో మెట్టు దూరం చేసింది ఆగి ఆగి తుడిచే పద్ధతి. డిట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన రాబర్ట్ కెర్న్స్ దానికి 1967లో పేటెంట్ సంపాదించాడు. తన ఆలోచనని వాడేసుకున్నారంటూ 1978లో ఫోర్డ్ మీద కేసు వేశాడు, 1990లో ఆ కంపెనీ కోటి డాలర్లకి పైగా ఇచ్చి రాజీ చేసుకుంది. ఆ కథ ఎలా ఉన్నా మన గొడవ వేరు. తుడుపుకీ తుడుపుకీ మధ్య వైపర్ అద్దం కింద బుద్ధిగా పడుకుని ఉంటుంది. సరిగ్గా ఆ విరామంలో ఇంజిన్ ఆపితే, వైపర్ ఆపేశామనుకుని ఇంట్లోకి వెళ్లిపోతాం. మీట ఆన్‌లోనే ఉంటుంది. రాత్రి గడ్డకడుతుంది. పొద్దున తాళం తిప్పగానే టక్. నాకు జరిగింది ఇదే. వానని తనే పసిగట్టి తుడిచే ఆటో మోడ్ ఉన్న కార్లలోనూ ఇదే ప్రమాదం. అద్దం మీది మంచు కరుగుతుంటే సెన్సర్ దాన్నే వాన అనుకోగలదు.

ఇంకో తిరకాసుంది. మీట ఆపేసినా మోటారు ఉన్నచోటే ఆగదు. బ్లేడ్లు కిందికి దిగి పడుకునేదాకా పార్క్ స్విచ్ అనే లోపలి ఏర్పాటు దానికి కరెంటు అందిస్తూనే ఉంటుంది. ఆ పడుకునే చోట మంచు పేరుకుని ఉంటే బ్లేడ్ దిగలేదు, కరెంటు ఆగదు. మీరు ఆపేశాననుకుంటారు, మోటారు మాత్రం మంచుని నెడుతూ లోలోపల కాగుతూ ఉంటుంది. అద్దం మధ్యలో మంచు గీకేసి కింది గాడిని వదిలేసేవాళ్ల మోటార్లు ఇలా పోతాయి. ముందు శుభ్రం చేయాల్సింది ఆ గాడినే.

ఇక విరిగింది ఎక్కడో పట్టుకోవడం. దీనికి పెద్ద పరికరాలక్కర్లేదు, మీట నొక్కడానికి లోపల ఒక మనిషి, వినడానికి బయట మీరు ఉంటే చాలు. ముందు మంచంతా తీసేసి, బ్లేడ్లు అద్దాన్ని వదిలాయో లేదో చూసుకుని, అద్దం తడిపి నొక్కమనండి.

ఏ చప్పుడూ రాకపోతే గొడవ కరెంటుది. ఫ్యూజ్ చూడండి. ఏ గడిలో ఉందో కారు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. పోయిందాని మీద ఎన్ని ఆంపియర్లని రాసుందో సరిగ్గా అంతే వేయాలి. పెద్దది వేస్తే పోదు కదా అనుకుంటే ఈసారి వైర్లు కాలతాయి. ఫ్యూజ్ బాగానే ఉంటే కంగారు పడకండి, చాలా మోటార్లు వేడెక్కితే తమంతట తామే ఆగిపోతాయి. పావుగంట ఆగి మళ్లీ నొక్కండి. కొత్త ఫ్యూజ్ కూడా వెంటనే పోతే మాత్రం లోపల ఏదో బిగుసుకుపోయింది, అది తేలకుండా మూడోది వేయకండి.

మోటారు తిరుగుతున్న చప్పుడు హాయిగా వినిపిస్తూ రెండు ఆర్మ్‌లూ కదలకపోతే, మోటారు దగ్గరి కీలు ఊడిందన్నమాట, లేదా క్రాంకు నట్ వదులైంది. చప్పుడు హాయిగా కాక గరగరమంటుంటే గేరు పళ్లు పోయినట్టు. అప్పుడు మోటారు మార్చడం తప్ప మార్గం లేదు.

ఒకటి కదిలి ఒకటి కదలకపోవడం అన్నిటికంటే ఎక్కువ కనిపించే జబ్బు. కదలని ఆర్మ్ మొదట్లో ఉన్న ప్లాస్టిక్ మూత తీసి ఇరుసు తల చూడండి. ఆర్మ్ ఊరుకుని ఉండి లోపల ఇరుసు మాత్రం తిరుగుతుంటే పళ్లు జారుతున్నాయి. ఇరుసు కూడా తిరగకపోతే ఆ వైపు కీలు ఊడింది. రెండూ కదులుతూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నా, అద్దం అంచు దాటి పోతున్నా, ఏదో ఒక ఆర్మ్ రెండు మూడు పళ్లు జారి వేరే చోట కూర్చుంది. రెండూ ముక్కుతూ మూలుగుతూ కదిలితే ఇరుసులు తుప్పు పట్టాయి. నా కారు విషయంలో ఈ అరనిమిషం పరీక్ష ముందే చేసి ఉంటే బ్లేడ్ల డబ్బులు మిగిలేవి.

జారిన ఆర్మ్‌ని బాగుచేయడం ఓ ఆదివారం మధ్యాహ్నం పని. వైపర్‌ని ఒకసారి ఆన్ చేసి ఆపండి, మోటారు దాని పడుకునే చోటికి చేరాలి. ఇది మరిచిపోతే తర్వాత ఎంత సరిగ్గా బిగించినా వంకరే. బాగున్న ఆర్మ్ బ్లేడ్ ఎక్కడ పడుకుంటుందో అద్దం మీద టేప్ ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి, పోయినదానికి పాత బ్లేడ్ వదిలిన మరక గుర్తుగా పనికొస్తుంది. నట్‌ని పానాతో విప్పండి. ఆర్మ్ వెంటనే ఊడి రాదు. నట్‌ని పూర్తిగా తీసేయకుండా చివరి రెండు మరల మీద ఉంచి, ఆర్మ్‌ని అటూ ఇటూ ఓపిగ్గా ఊపండి. అప్పటికీ రాకపోతే తుప్పు వదిలించే నూనె చల్లి కాసేపాగండి. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసే చిన్న పుల్లర్ ఒకటి దొరుకుతుంది, దీనికి భేషుగ్గా సరిపోతుంది. స్క్రూడ్రైవర్‌ని అద్దానికో బోనెట్‌కో ఆనించి పెకలించాలని చూస్తే వైపర్ రిపేరు కాస్తా అద్దం రిపేరు అవుతుంది.

ఊడొచ్చాక పళ్లు చూడండి. ఇరుసు పళ్లు చెక్కుచెదరకుండా ఉండి, వాటి సందుల్లో లోహపు పొడి మాత్రమే ఇరుక్కుని ఉంటే దాన్ని ఇనుప బ్రష్‌తో తోమేయండి. ఆర్మ్ లోపలి పళ్లు కొద్దిగా మిగిలి ఉంటే, శుభ్రం చేసి, ఒక పన్ను అటో ఇటో జరిపి బిగిస్తే పట్టుకోవచ్చు. పూర్తిగా నునుపైపోతే కొత్త ఆర్మ్ కొనాల్సిందే. జిగురు పెట్టో, సందులో రేకు ముక్క దూర్చో లాగించేవాళ్లని చూశాను. హైవే మీద ఎదురుగా పోతున్న ట్రక్కు బురద మంచు ఎగజిమ్మే క్షణంలో ఆ రేకు ముక్క మీద భరోసా పెట్టుకోవడం నా వల్ల కాదు. చాలా కార్లలో ఎడమ ఆర్మ్ వేరు, కుడి ఆర్మ్ వేరు. కొనేటప్పుడు ఏ వైపుదో చెప్పి అడగండి.

ఈ పనంతటిలో నిజంగా ప్రమాదమైన క్షణం ఒకటే ఉంది. బ్లేడ్ తీసేసిన ఆర్మ్ పైకి నిలబడి ఉంటుంది. దానికి మోచెయ్యి తగిలిందా, లోపలి స్ప్రింగు దాన్ని ఎలుకలబోను రేకులా అద్దం మీదికి విసురుతుంది. మొన కొట్టిన చోట అద్దం పగులుతుంది. బ్లేడ్ మార్చినా సరే, మొదలుపెట్టే ముందు దళసరి తువ్వాలు ఒకటి మడిచి అద్దం మీద పరవండి.

కీలు ఊడితే పని కాస్త పెద్దది. ఆర్మ్‌లు రెండూ తీసి, అద్దం కింద ఉండే నల్లటి ప్లాస్టిక్ పలక విప్పాలి. ఆ పలక క్లిప్పులు చలికి పెళుసెక్కి పటుక్కున విరుగుతాయి, అందుకే ఇది వెచ్చటి గరాజ్‌లో చేయాల్సిన పని. లోపల చేయి పెట్టే ముందు వైపర్ ఫ్యూజ్ పీకేయండి. కడ్డీల మధ్య వేలు పెట్టినప్పుడు ఎవరైనా మీట నొక్కితే ఆ వేలు దక్కదు. ఊడిన గిన్నె పగలకుండా ఉంటే గ్రీజు పూసి, పట్టకారుతో బంతి మీదికి నొక్కితే క్లిక్‌మని కూర్చుంటుంది. అరిగిపోయి వదులైతే ఆ ప్లాస్టిక్ బుష్ ఒక్కటే విడిగా దొరుకుతుందేమో చూడండి. దొరక్కపోతే కడ్డీల సెట్ మొత్తం కొనాలి. జిప్ టై కట్టి ఇంటిదాకా రావచ్చు, ఆ దారి నేనూ తొక్కాను. అది ఇంటిదాకానే.

ఇదంతా ఒక్క పొద్దుటి దెబ్బ. మెల్లగా చంపేది ఉప్పు. డిట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పు గని ఉంది. రోడ్ల మీద చల్లే ఉప్పుని అందులోంచి ఇప్పటికీ తవ్వుతున్నారు. రోడ్డుకి వేసిన ఆ ఉప్పు కరిగి, ముందు బండి టైరు చిమ్మిన నీళ్లతో మన అద్దం మీదికి వచ్చి, అక్కడి నుంచి కారుతూ ఇరుసుల దగ్గరికి చేరుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తడిస్తే తుప్పు తొందరగా పడుతుంది. ఆర్మ్ ఊడి రాకపోవడానికీ, ఇరుసు బిగుసుకోవడానికీ మూలం అదే. బిగుసుకున్న ఇరుసుని గుర్తుపట్టాలంటే కడ్డీ విడదీసి చేత్తో తిప్పి చూడండి, రెండు వేళ్లతో తిరగాలి. తిరగకపోతే నూనె పోసి ఆడించి, పాత మురికి బయటికి రప్పించి, కొత్త గ్రీజు పెట్టాలి. చలికాలంలో కారు కడిగించేటప్పుడు అద్దం కింది గాడిలో ఆకులూ అలమలూ తీసేయించండి. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతే ఇరుసులూ మోటారూ ఉప్పునీళ్లలోనే కాపురం ఉండాల్సి వస్తుంది.

అలాగని బ్లేడ్ ఎప్పుడూ నిర్దోషి అని కాదు. రబ్బరు అంచు అద్దాన్ని నిటారుగా తాకదు, కాస్త వాలి ఈడ్చుకుంటూ వెళ్తుంది, తిరుగు ప్రయాణంలో రెండో వైపు వాలుతుంది. కార్ల వైపర్లు పెద్ద స్పీడులో నిమిషానికి కనీసం 45 సార్లు వెళ్లిరావాలని అమెరికా భద్రతా నిబంధన. అంటే నిమిషానికి 90 సార్లు అంచు ఇటు నుంచి అటు వాలాలి. చలికి రబ్బరు బిగుసుకుంటే ఆ వాలడం సాఫీగా జరగదు. ఒక వైపు బాగా తుడిచి, వెనక్కి వచ్చేటప్పుడు టకటకమని ఎగురుతుంది. బ్లేడ్ కొత్తదైనా ఇలాగే చేస్తుంటే ఆర్మ్ మెలిపడిందేమో చూడండి. మంచుకి అతుక్కున్న బ్లేడ్‌ని చేత్తో పీకినప్పుడు అది కాస్త వంగి ఉంటుంది. పట్టకారుకి గుడ్డ చుట్టి, బ్లేడ్ అద్దానికి నిట్టనిలువుగా వచ్చేలా కొద్దికొద్దిగా తిప్పితే సరిపోతుంది.

అద్దం మీది మరకలు కూడా జబ్బు పేరు చెబుతాయి. సన్నటి గీత ఒక్కటే మిగిలితే ఆ చోట రబ్బరు అంచు తెగింది, లేదా ఏదో ఇరుక్కుంది. రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో అంచు తుడవండి, పోతే పోయింది, లేకపోతే బ్లేడ్ మార్చాలి. అద్దమంతా పొగ మంచులా మసకబారితే తప్పు రబ్బరుది కాకపోవచ్చు, అద్దం మీద జిడ్డు. మధ్యలో పెద్ద పట్టీ తుడవకుండా వదిలేస్తే ఒత్తిడి అందట్లేదు. పాతకాలపు బ్లేడ్లకి వెన్నులో చిన్న చిన్న కీళ్లుంటాయి, వాటిలో మంచు దూరి గడ్డకడితే బ్లేడ్ అద్దం వంపుకి వంగదు. అందుకే ఇక్కడ ఆ కీళ్లకి రబ్బరు తొడుగు వేసిన చలికాలపు బ్లేడ్లు అమ్ముతారు, కీళ్లే లేని ఒంటిబద్ద బ్లేడ్లూ ఉన్నాయి. నేను రెండోవే వాడతాను. తొడుగు బ్లేడ్లు బరువు, ఏప్రిల్లో మళ్లీ మార్చుకునే శ్రద్ధ నాకు లేదు.

వాషర్ నీళ్ల గురించి ఒక్క మాట చెప్పకపోతే మనవాళ్లు నొచ్చుకోరు గానీ ట్యాంకు నొచ్చుకుంటుంది. ఇండియాలో కుళాయి నీళ్లు పోసే అలవాటు ఇక్కడికీ తెచ్చుకుంటాం. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. ట్యాంకు, పంపు, అద్దం దాకా వెళ్లే గొట్టం, వీటిలో ఏదో ఒకటి పగులుతుంది. వేసవిలో పురుగుల మరకలు పోవడానికి అమ్మే ద్రవం కూడా చాలావరకు నీళ్లే. డబ్బా మీద మైనస్ 20 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 29 సెల్సియస్ అని ఉన్నది కొనండి. కొన్నాక ట్యాంకులో పాతదాన్ని ఖాళీ అయ్యేదాకా చల్లి ఆ తర్వాతే పోయాలి, లేకపోతే రెండూ కలిసి పలచనైపోతాయి. ఇందులో సాధారణంగా ఉండేది మిథనాల్, విషం. రంగు చూసి పిల్లలు షర్బత్ అనుకునేంత అందంగా ఉంటుంది, డబ్బా అందకుండా పెట్టండి.

మంచు పట్టిన పొద్దున వేడినీళ్ల చెంబుతో బయటికి రావడం మాత్రం మానేయండి. అద్దం పై పొర ఒక్కసారిగా వ్యాకోచించి లోపలి పొర చల్లగానే ఉంటే, ఏ చిన్న రాయి దెబ్బ నుంచో పగులు బారెడు సాగుతుంది. ఇంజిన్ ఆన్ చేసి, అద్దం మీదికి వేడి గాలి పెట్టి పది నిమిషాలు ఆగితే బ్లేడ్ తనే వదులుతుంది. మూసిన గరాజ్‌లో మాత్రం ఇంజిన్ నడపకండి.

రాత్రి వైపర్లు పైకెత్తి పెట్టాలా వద్దా అన్నది మా అపార్ట్‌మెంట్లో ప్రతి డిసెంబర్లో తెగని పంచాయితీ. ఎత్తితే అంటుకోవు, అది నిజం. గాలి విసిరి కొడితే ఆర్మ్ అద్దం మీద పడుతుంది, అదీ నిజం. మంచు పడి గాలి లేని రాత్రి నేను ఎత్తుతాను, గాలివాన హెచ్చరిక ఉంటే ఎత్తను. కొత్త కార్లలో చాలావాటికి వైపర్లు బోనెట్ అంచు కింద దాక్కుని ఉంటాయి, బలవంతంగా ఎత్తబోతే బోనెట్ రంగు లేచిపోతుంది. వాటికి సర్వీస్ పొజిషన్ ఉంటుంది. కొన్నిటిలో ఇంజిన్ ఆపిన కొద్ది సెకన్లలో మీట నొక్కితే, కొన్నిటిలో తెర మీద నొక్కితే, వైపర్లు అద్దం మధ్యకి వచ్చి నిలబడతాయి. మీ కారుకి అది ఎలాగో పుస్తకంలో చూసి, మంచు పడకముందే ఓసారి చేసి చూసుకోండి. ఎత్తినా ఎత్తకపోయినా, ఇంజిన్ ఆపడానికి ముందు మీట ఆఫ్ చేసి, బ్లేడ్లు కిందికి దిగి పడుకునేదాకా చూసి, ఆ తర్వాతే తాళం తీస్తున్నాను ఇప్పుడు.